నర్సరీకి ఆమె చెప్పిన అర్థం

టీచరుగారు పోయారన్న కబురు నేను నిచ్చెన మీద ఉండగా వచ్చింది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జికి బోర్డు రాస్తున్నాను. ఆవిడ ఊరి మీదుగా రోజూ తిరిగే బస్సు కండక్టరు డ్యూటీ దిగి, సరాసరి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"పెయింటరుగారూ, ఒకసారి దిగండి."

"ఈ అక్షరం అయిపోనివ్వండి."

"దిగండి, చెప్తా. టీచరుగారు పోయారండీ. పొద్దున పాలబ్బాయి పిలిస్తే పలకలేదంట. కుర్చీలోనే ఉన్నారంట."

దిగాను. కుంచెలు కిరసనాయిల్లో కడిగి గుడ్డలో చుట్టాను. లాడ్జి ఓనరు బయటికొచ్చి, "సగం పేరు రాసి పోతావేంటయ్యా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు. "నాకు ఇంగ్లీషు నేర్పినావిడ పోయారండీ. మిగతా సగం రేపు రాస్తాను" అన్నాను. 

తరవాత జరిగిన జ్ఞాపకార్థ కూడికలో చర్చివాళ్ళు ఒక కాగితం అచ్చువేసి పంచారు. అందులో ఆవిడ సాత్వికురాలనీ, మితభాషిణి అనీ, జీవితంలో ఎవరినీ నొప్పించి ఎరగరనీ రాశారు. రాసినవాళ్ళు ఆవిడంటే గౌరవం ఉన్నవాళ్ళే. కానీ ఆ కాగితం చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. నేనెరిగిన టీచరుగారు సాత్వికురాలు కాదు. నొప్పించవలసినవాళ్ళని చక్కగా నొప్పించారు. అందుకే ఇది రాస్తున్నాను. చనిపోయినవాళ్ళని మెత్తగా చేసి పంపడం మనకు అలవాటు. ఈవిణ్ణి అలా పంపనివ్వను.

నాది విజయవాడ వన్ టౌన్. మా నాన్న పీర్ల పండక్కి రంగులద్దేవారు. ఆయన తరవాత నేను దుకాణాల పేర్లలో పడ్డాను. తెలుగు అక్షరాలు బాగానే తిప్పేవాణ్ణి. ఇంగ్లీషు మాత్రం బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు, ఓనరు కాగితం మీద ఏది రాసిస్తే అదే దించేవాణ్ణి. జై ఆంధ్ర గొడవలు చల్లారిన ఏడు నాకు పని ఎక్కువ. రాళ్ళ దెబ్బలకి సొట్టలు పడిన బోర్డులు ఊరంతా ఉండేవి. అప్పుడే ఏలూరు రోడ్డులో మొక్కలమ్మే కొట్టుకి గోడ మీద పేరు రాస్తుంటే, కింద నుంచి ఎవరో గొడుగు కొనతో నిచ్చెన మీద తట్టారు.

"ఏమయ్యా అబ్బాయ్, ఆ ఐదో అక్షరం తప్పు."

చూస్తే తెల్ల చీర, నల్ల గొడుగు, చేతి రుమాల్లో మూటగట్టిన సుద్దముక్కలు. మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరని తరవాత తెలిసింది.

"ఓనరుగారు రాసిచ్చినట్టే రాశానండీ."

"ఓనరు తప్పు రాసిస్తే గోడ కూడా తప్పు చెప్పాలా? దిగు."

ఎందుకు దిగానో నాకు తెలియదు. ఆ గొంతుకి దిగనివాళ్ళని తరవాత కూడా నేను చూడలేదు. రుమాలు విప్పి, ఒక సుద్దముక్క తీసి, గోడ మీదే నర్సరీ అని ఇంగ్లీషులో సరిగ్గా రాశారు.

"దీనర్థం ఏంటో తెలుసా?"

"మొక్కలమ్మే కొట్టండీ."

"ఇంకో అర్థం?"

గోడ మీది సుద్ద అక్షరాలు ఇంకోసారి చూశాను.

"రేపు సాయంత్రం మా ఇంటికి రా. చెప్తాను."

ఆవిడ విద్యార్థినులు ఆవిణ్ణి చాటుగా 'ఇంకో అర్థం టీచరు' అనేవారట. ఏ మాట నేర్పినా ఒక అర్థంతో వదిలిపెట్టేవారు కాదు. "ఒక్క అర్థమే తెలిసినవాణ్ణి ఎవరైనా మోసం చెయ్యొచ్చు" అని ఆవిడ నమ్మకం. మర్నాడు సాయంత్రం ఆవిడ వాటాకి వెళ్ళాను. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతూ నర్సరీ గురించి చెప్పారు.

"ఇంగ్లీషువాళ్ళ పెద్ద ఇళ్ళల్లో పసిపిల్లలకి వేరే గది ఉండేది. పాలిచ్చి పెంచే మనిషి నర్సు, పెంచే చోటు నర్సరీ. ఆ తరవాత ఎప్పుడో మొక్కలు పెంచే చోటుకీ అదే మాట వాడుకున్నారు. అంటే పిల్లలు ముందు, మొక్కలు తరవాత. గుర్తుపెట్టుకో."

"మరి ఆ గదికి తెలుగేంటండీ?"

ఆవిడ సాసరు కింద పెట్టారు.

"గదే లేకపోతే మాటెక్కడుంటుందయ్యా? మన పిల్లల గది అమ్మ చంక."

అలా మొదలైంది నా చదువు. వారానికి రెండు మూడు సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. ఫీజు మాటెత్తితే కోప్పడేవారు. రోడ్డు మీద కలిసి నడిస్తే ప్రతి బోర్డూ పైకి చదివేవారు. తప్పు కనిపిస్తే ఆ దుకాణంలోకి వెళ్ళి చెప్పకుండా ముందుకి కదిలేవారు కాదు. నేను సిగ్గుతో పక్కకి తప్పుకునేవాణ్ణి. "నువ్వెందుకు సిగ్గుపడతావ్? తప్పు రాసినవాడు హాయిగా గల్లా దగ్గర కూర్చుంటే!" అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన పెద్దమనిషిని, "మీరెందుకు చేసుకున్నారు?" అని అడిగారట. 

రిటైరయ్యాక విజయవాడలోనే ఉండిపోతారనుకున్నాను. ఉండలేదు. కంకిపాడు దాటాక కాలువ పక్కనున్న సొంత ఊరికి, వాళ్ళ నాన్న కట్టిన రెండు గదుల పెంకుటింటికి వెళ్ళిపోయారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే బతకాలి. ఆవిడ ఇల్లున్నది ఊళ్ళో కాదు, ఊరి చివర పేటలో. పేటలో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే, అందరూ పరాయి పొలాల్లో కూలికి దిగేవాళ్ళే. ఆవిడ తల్లి కూడా నడుం వంగేదాకా నాట్లు వేసిన మనిషే.

ఆవిడ వెళ్ళిన మరుసటి ఏడు, కాలువలకి నీళ్ళొదిలి నాట్లు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం వన్ టౌన్‌లో నా కొట్టు ముందు నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"దీనమ్మ బిడ్డ పోయాడయ్యా."

దీనమ్మ ఆవిడ పక్కింటి మనిషి. అందరితో పాటు నాట్లకి వెళ్ళింది. పొలం గట్టు మీద తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల కట్టి, అప్పుడప్పుడే పాకుతున్న కొడుకుని పడుకోబెట్టింది. ఆరేళ్ళ కూతుర్ని కాపలా పెట్టింది. డెల్టాలో తల్లులందరూ చేసేదే. బిడ్డ లేచాడు, ఉయ్యాల్లోంచి జారాడు, గట్టు పక్క బోదెలో నిండుగా పారుతున్న నీళ్ళల్లోకి పాకాడు. నాట్లు వేసేవాళ్ళు వంచిన తల ఎత్తరు, వెనక్కి వెనక్కి నడుస్తూ పోతారు. ఎవరూ చూడలేదు. చూసేసరికి ఆలస్యమైపోయింది.

ఇంతవరకూ మెల్లగా చెప్పారు. తరవాత ఆవిడ గొంతు మారింది.

"ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? ఆ పిల్లది ఆటల్లో పడి చూడలేదంట. ఆరేళ్ళ పిల్లయ్యా! దాన్ని ముద్దాయిని చేశారు. అది మాట్లాడ్డం మానేసింది. ఒక చావుకి ఊరంతా కలిసి ఆరేళ్ళ పిల్లని జవాబు చెప్పమంటున్నారు. జవాబు నేను చెప్తాను. ఆదివారం ఆరాధన అయ్యాక రంగుల డబ్బా తీసుకుని రా."

వెళ్ళాను. కాలువ గట్టుకి దిగువన, పేటకీ ఊరికీ మధ్య, కొంత ఖాళీ జాగా చూపించారు. ఒక పక్క పెద్ద గడ్డివాము. దాని ముందు తుప్పుపట్టిన రేకు బోర్డు, ఒక కాలు విరిగి ఒరిగి ఉంది.

"చదువు" అన్నారు.

ఇంగ్లీషులో ఉంది. "నర్సరీ కొరకు స్థలం అండీ."

"ఇంకో అర్థం?"

నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు.

సంగతి ఏమిటంటే, చాలా ఏళ్ళ కిందట బ్లాక్ ఆఫీసువాళ్ళు రైతులకి కొబ్బరి మొక్కలూ నిమ్మ మొక్కలూ పెంచి ఇస్తామని ఆ జాగా కేటాయించారు. బోర్డు వచ్చింది, మొక్కలు రాలేదు. ఊరి ప్రెసిడెంటుగారు తన గడ్డివాము అక్కడ వేసుకున్నారు, గేదెల్ని కట్టేసుకున్నారు. ఎవరూ అడగలేదు.

ఆ ఉదయమే టీచరుగారు ఆయన ఇంటికి వెళ్ళొచ్చారట. వెంట వెళ్ళిన చర్చి పెద్ద ఆ మాటలన్నీ నాకు చెప్పాడు.  ప్రెసిడెంటుగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారట.

"ఏం టీచరమ్మా, పొద్దున్నే వచ్చావ్?"

"వచ్చారు అనండి. నేను మిమ్మల్ని మీరు అనే అంటున్నాను కదా."

ఆయన నవ్వారట. "సరే, వచ్చారు. ఏం కావాలి?"

"నాకేం వద్దండీ. నర్సరీ జాగాలో మీ గడ్డివాముంది, తీయించండి. నర్సరీ మొదలుపెడుతున్నాం."

"ఏంటీ, మొక్కలొచ్చాయా?"

"వచ్చాయి. కొన్ని పాకుతున్నాయి కూడా."

గడ్డివాము ఎవరూ తియ్యలేదు. మిగిలిన సగం జాగాలో పేట మగవాళ్ళు ఆ మధ్యాహ్నమే నాలుగు రాటలు పాతి, తాటాకులు కప్పారు. కాలువ వైపు కంచె గట్టిగా కట్టమని టీచరుగారు నిలబడి కట్టించారు. నేను బోర్డు తుప్పు గీకి, తెల్లరంగు పూసి, ఇంగ్లీషులో నర్సరీ అని పెద్దక్షరాలతో రాశాను. కింద తెలుగులో ఏం రాయమంటారని అడిగాను. ఆవిడ చుట్టూ చేరిన తల్లుల్ని అడిగారు.

"మీరు చెప్పండే. మొలకలు లేతగా ఉన్నప్పుడు ఒక చోట కాపాడి పెంచి, గట్టిపడ్డాక పొలంలో వేస్తాం కదా. ఆ చోటునేమంటారు?"

"నారుమడమ్మా."

"నారుమడి అని రాయవయ్యా. ఎవడు కాదంటాడో చూద్దాం."

మర్నాటి నుంచి తల్లులు పనిలోకి పోతూ పిల్లల్ని అక్కడ దింపడం మొదలుపెట్టారు. నడుం వంగి నాట్లకి పోలేని ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు చూసుకునేవారు. టీచరుగారు పెట్టిన నియమం ఒక్కటే. పిల్లల్ని పిల్లలు మొయ్యకూడదు. దీనమ్మ కూతుర్ని తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పలక ఇచ్చారు. "నువ్వెవర్నీ చూడక్కర్లేదు. నిన్ను మేం చూస్తాం" అని చెప్పారు.

వారం తిరక్కుండా ఒక ఉదయం పందిరి మీద ఆకులన్నీ పీకేసి ఉన్నాయి. బోర్డు కాలువలో ఉంది. ఎవరు చేశారో అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. టీచరుగారు ఆ జాగాలోనే వానలో గొడుగేసుకుని, పిల్లల్ని రాటల చుట్టూ కప్పిన గోనెపట్టాల కింద పెట్టుకుని కూర్చున్నారట. పేట పెద్దలు వచ్చి బతిమాలారు. "ఈ ఏటికి వదిలేద్దామమ్మా, పెద్దోళ్ళతో తగూ ఎందుకు?" అన్నారు. "పెద్దోళ్ళు ఎవరు? నాకంటే పెద్దవాళ్ళు ఈ ఊళ్ళో నలుగురు లేరు" అన్నారు ఆవిడ.

కబురందగానే వన్ టౌన్‌లో కొత్త రేకు కొని బస్సు టాపు మీద వేశాను. ఈ కండక్టరే అప్పుడు, "రేకుక్కూడా టిక్కెట్టు కొట్టమంటారా?" అన్నాడు. సంగతి చెప్తే, అతనే పైకెక్కి తాడుతో గట్టిగా కట్టాడు.

నేను దిగేసరికి ఊళ్ళో జీపుంది. ప్రభుత్వ స్థలం ఆక్రమించారని ప్రెసిడెంటుగారు ఫిర్యాదు పెట్టారు. విచారణకి బ్లాక్ ఆఫీసరుగారు వచ్చారు. కుర్రవాడు, బుష్ షర్టు, చేతిలో ఫైలు. ఆ జాగాలోనే కుర్చీలు వేశారు. ఒక పక్క ప్రెసిడెంటుగారూ ఊరి రైతులూ, ఇంకో పక్క పేటవాళ్ళు. టీచరుగారు నన్ను చూసి, "నువ్వు పని మొదలుపెట్టు" అన్నారు. నేను ఒక మూల రేకు ఆనించి రంగు కలుపుతున్నాను. ప్రెసిడెంటుగారి మనిషొకడు దగ్గరికొచ్చి, "సాయిబూ, నీకెందుకీ గొడవ? మీ వన్ టౌన్‌లో బోర్డులు లేవా?" అన్నాడు. "ఉన్నాయండీ. కానీ అక్కడివి ఎవరూ కాలవలో పడెయ్యరు" అన్నాను. పైకి అన్నాను కానీ మొదటి అక్షరం వంకరగానే వచ్చింది.

ఆఫీసరుగారు మర్యాదగానే మొదలుపెట్టారు.

"టీచరుగారూ, ఈ స్థలం నర్సరీకి ఇచ్చిందండీ. అంటే మొక్కల పెంపకానికి."

"మొక్కలు అని ఆ ఫైల్లో ఉందా?"

ఆయన కాగితాలు తిప్పారు. "నర్సరీ అనే ఉందండీ. కానీ అర్థం అదే కదా."

"అది ఒక అర్థం. అదీ రెండోది. మొదటి అర్థం పసిపిల్లల్ని పెంచే చోటు. మీకు పిల్లలున్నారా బాబూ?"

"ఒక బాబండీ."

"ఏం చదువుతున్నాడు?"

"ఇంకా చిన్నవాడండీ. విజయవాడలో నర్సరీలో వేశాం..."

అనేసి ఆగిపోయారు. రైతుల్లోనే ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరుగారు నవ్వకుండా అడిగారు.

"మరి ఎరువేస్తున్నారా వాడికి?"

అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా నవ్వారు. నేను గెలిచేశామనుకున్నాను. కానీ ఆయన ఫైలు మూసి, "మీరు చెప్పింది బాగానే ఉందండీ. నేను పైకి రాస్తాను. జవాబు వచ్చేదాకా మాత్రం ఖాళీ చెయ్యాలి" అన్నారు. పైకి రాసినవాటికి జవాబులు ఎప్పుడొస్తాయో అందరికీ తెలుసు. ప్రెసిడెంటుగారు కండువా దులుపుకుని లేవబోయారు.

అప్పుడు దీనమ్మ లేచింది. బిడ్డ పోయాక ఆమె మనుషుల్లోకి రావడం అదే మొదలు.

"అయ్యా, మీ ఇంగిలీసు మాకు తెలవదు. మీ నారు ముదిరిపోతంది, అది తెలుసు. మా నారు బోదెలో పడి పోయింది. మా నారుకి మడి ఉంటేనే మీ నారుమళ్ళో దిగుతాం. లేదంటే దిగం."

 ఆమె వెనక ఆడవాళ్ళందరూ లేచారు. ముందుగా అనుకున్నది కాదని టీచరుగారు తరవాత నాతో ఒట్టేసి చెప్పారు. ఆవిడ కూడా కుర్చీలోంచి తలతిప్పి ఆశ్చర్యంగా చూడడం నేను చూశాను.

ప్రెసిడెంటుగారు కోపంగా, "దిగకపోతే పస్తుంటారు" అన్నారు.

"ఉంటం. పస్తు మాకు కొత్త కాదు. ముదరనారు మీకు కొత్త" అంది దీనమ్మ.

వరి పండించేవాళ్ళకి ఆ మాట వివరించక్కర్లేదు. నారు అదను దాటితే పిలకలు రావు, పంట సగమైపోతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో నాట్లే జరుగుతున్నాయి, కూలివాళ్ళు ఎక్కడినుంచీ రారు. వెనక వరసలో ఒక చిన్న రైతు గొంతు సవరించుకున్నాడు.

"ప్రెసిడెంటుగారూ, తమరు తట్టుకుంటారండీ. మాలాంటోళ్ళ సంగతేంటండీ? ఆ గడ్డివామేదో నా దొడ్లో వేయించుకోండి. ఎడ్లబండి నాదే."

ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. కాసేపటికి రైతుల వైపు నుంచే గట్టిగా మాటలు వినబడ్డాయి. ఆఫీసరుగారు మళ్ళీ ఫైలు తెరిచి, అక్కడే మోకాలి మీద పెట్టుకుని రాసి చదివి వినిపించారు. మొక్కలు సరఫరా అయ్యేదాకా ఆ స్థలాన్ని నర్సరీ అన్న పేరుతోనే పిల్లల కోసం వాడుకోవచ్చని.

ఆ మొక్కలు ఇప్పటికీ రాలేదు.

తిరిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు, "మీరు డిక్షనరీతో గెలిచారండీ" అన్నాను మెచ్చుకోలుగా. ఆవిడ గొడుగు ముడుస్తూ, "వినలేదా నువ్వు? డిక్షనరీతో ఓడిపోయాం కదా. అర్థం పుస్తకం ఇవ్వదయ్యా, నిలబడ్డవాళ్ళు ఇస్తారు. దీనమ్మ ఇచ్చింది" అన్నారు. నేను ఇంతమంది దగ్గర ఇన్ని మాటలు విన్నాను. నా మనసులో రోజూ తిరిగేది మాత్రం అది.

తరవాతంతా సాఫీగా జరిగిందని చెప్పను. ప్రెసిడెంటుగారు తన పొలంలోకి పేట ఆడవాళ్ళని రెండేళ్ళు పిలవలేదు. కొన్ని ఇళ్ళల్లో నిజంగానే పస్తులున్నాయి. చర్చి పెద్దలు కొందరు ఆవిడతో మాట్లాడ్డం తగ్గించారు. దీనమ్మ కూతురు చాలాకాలం గుమ్మంలో నోరెత్తకుండా కూర్చుంది. ఒకరోజు ఎందుకో పలక విసిరికొట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ ఊరుకోబెట్టబోతే టీచరుగారు ఆపారు. "ఏడవనివ్వండి. దాని గొంతు వస్తోంది" అన్నారు. వచ్చింది. ఇప్పుడా పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎక్కువ మాట్లాడుతోందని వార్డెను ఫిర్యాదట. ఆ ఉత్తరం చదివి టీచరుగారు ఎంత సంతోషించారో!

దివిసీమను ముంచిన తుఫాను ఏడు ఆ పందిరి మొత్తం ఎగిరిపోయింది. అంతకంటే ఎంతో పోగొట్టుకున్నవాళ్ళున్నారు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. సంఘ పెద్ద ఒకాయన, "దేవుడి చిత్తం అలా ఉందేమోనమ్మా" అన్నాడట. "దేవుడికి మన తాటాకులతో పనేంటయ్యా? వెళ్ళి నాలుగు రాటలు తీసుకురా" అన్నారట ఆవిడ. ఈసారి ఆకులు కప్పడానికి ఊరి వైపు నుంచి కూడా ఇద్దరొచ్చారు. వాళ్ళు చిన్న రైతులు. వాళ్ళ ఆడవాళ్ళూ పొలాల్లోకి దిగేవాళ్ళే, వాళ్ళ పిల్లలూ పాకేవాళ్ళే. టీచరుగారు ఎవరి పిల్లనీ వద్దనలేదు. మా పిల్లల్ని వేరే చాప మీద కూర్చోబెట్టమని అడిగినావిడతో మాత్రం, "నారుమడిలో గట్లుండవమ్మా" అన్నారు. ఆవిడ పిల్లని తీసుకెళ్ళిపోయి, నాలుగు రోజులకి మళ్ళీ తీసుకొచ్చింది.

నేను ఆవిణ్ణి చివరిసారి చూసింది పోయిన వేసవిలో. కాళ్ళు వాచి ఉన్నాయి. అయినా కుర్చీ ముందుకి లాక్కుని, నేను తీసుకెళ్ళిన మామిడిపళ్ళు వాసన చూసి పక్కనబెట్టి, కొత్తగా రాసిన బోర్డుల స్పెల్లింగులు అప్పజెప్పించుకున్నారు.

"ఇక విశ్రాంతి తీసుకోండి టీచరుగారూ. పనులు వాళ్ళు చూసుకుంటారు."

"విశ్రాంతికి ఇంకో అర్థం చెప్పు."

తెలియదన్నాను.

"తప్పుకోవడం. వద్దులే" అన్నారు.

ఆవిణ్ణి సమాధి చేసిన రోజూ నాట్ల రోజే. కండక్టరుతో కలిసి నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. పెట్టె సిద్ధమైంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అయినా ఎవరూ కదలడం లేదు. సంగతి కాసేపటికి తెలిసింది. పేటలో చనిపోయినవాళ్ళని ఎప్పుడూ కాలువ గట్టు మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్తారు. ఊళ్ళో వీధిలోంచి తీసుకెళ్ళడం ఏనాడూ లేదు. వానలకి గట్టు ఒకచోట కోసుకుపోయింది. పెద్దలు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పొలాల్లోంచి వెళ్దామని కొందరు, నీళ్ళు తగ్గేదాకా ఆగుదామని కొందరు. ఊళ్ళో వీధి అన్న మాట మాత్రం ఎవరి నోటా రావడం లేదు.

ఆడవాళ్ళు మళ్ళల్లోంచి అలాగే వచ్చేశారు. చీరలు పైకి దోపుకుని, మోకాళ్ళదాకా బురద. కడుక్కోవడానికి కూడా ఆగలేదు. దీనమ్మ పెట్టె దగ్గరికి వచ్చి చెయ్యి వేసింది.

"టీచరమ్మగారు బోదెల్లోంచి రారు. రోడ్డు మీదే వస్తారు. పట్టండే."

"ఆడోళ్ళు మోస్తారేంటి?" అన్నాడొక పెద్దాయన.

"ఆవిడ మా పిల్లల్ని మోసింది. మీరు మోస్తానంటే రండి. రాకపోతే పక్కకి జరగండి."

కొందరు జరిగారు. కొందరు వచ్చారు. నేనూ ఒక మూల పట్టుకున్నాను. నా ముందు దీనమ్మ భుజం, నా పక్కన ఎవరో ముసలామె. ఊళ్ళోకి తిరిగాం. ఈమధ్యే సిమెంటు వేసిన వీధి అది. అరుగుల మీద జనం నిలబడి చూస్తున్నారు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అడుగుల చప్పుడే. ప్రెసిడెంటుగారి ఇంటి ముందుకి వచ్చాం. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు, బాగా ముసలివారయ్యారు. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఆనించి లేచి నిలబడ్డారు. ఆపడానికి లేచారో, గౌరవానికి లేచారో నాకు తెలియదు.  మేం ఆగలేదు.

మట్టి వేసి ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు మిగిలిన నాట్లు పూర్తిచెయ్యడానికి మళ్ళీ పొలాల్లోకి వెళ్ళిపోయారు. అదను ఎవరి కోసం ఆగదు కదా. నేనొక్కణ్ణీ బస్సు కోసం ఆ వీధిలోంచే నడిచొచ్చాను. అప్పటికి జనం లోపలికి వెళ్ళిపోయారు. వాన మబ్బు పట్టింది కానీ కురవలేదు. తెల్లటి సిమెంటు మీద, ఆ చివర నుంచి ఈ చివరిదాకా, ఇంకా తడారని నల్లరేగడి బురదలో ఆడవాళ్ళ పాదాల గుర్తులు ఉన్నాయి. ప్రతి అరుగు ముందూ, ప్రతి గుమ్మం ముందూ. ఎవరూ ఇంకా నీళ్ళు పోసి కడగలేదు.